అరచేతి తడి

ఆగస్టు 19, 1977

నా భార్య డెల్మీరా పోయి ఎనిమిదో రోజు. ఆచారం ప్రకారం ఆమె బట్టలన్నీ మూట కట్టించి కాచిమాయు ఏటికి తీసుకెళ్ళాం. ఆమె చెల్లెళ్ళు, వంటమనిషి సతుర్నినా ఉతికారు. నేను గట్టు మీద కూర్చున్నాను. రాళ్ళ మీద ఆరేసిన చొక్కాలు గాలికి లేస్తుంటే సతుర్నినా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టింది.

బూడిదరంగు కోటు జేబులో ఒక కార్డు ఉంది. తడవకముందే సతుర్నినా తీసి నాకిచ్చింది. దంతవైద్యుడి కార్డు. మూడు తేదీలు: మే 17, జూన్ 9, జూలై 21. పైన పేరు: వాల్తెర్ చోకెవిల్కా.

నేను దంతవైద్యుణ్ణి. ఇరవై ఆరేళ్ళుగా సూక్రే దంతవైద్య కళాశాలలో పళ్ళు నింపే లోహాల పాఠం చెబుతున్నాను. నా భార్య ఇంకొకడి కుర్చీలో కూర్చుంది. మూడుసార్లు.

క్లాసు నోట్సు కాక వేరే ఏదైనా రాయడం ఇదే మొదలు. ఎవరికీ చూపించడానికి కాదు.

ఆగస్టు 20

క్రమంగా రాస్తాను.

ఆగస్టు 9న డెల్మీరాకి కింది దవడ కుడివైపు వాచింది. సాయంత్రానికి వాపు గడ్డం కిందికి దిగింది. 10న మెడకి. నాలుక పైకి లేచిపోయింది. ఆసుపత్రిలో చీము దిగడానికి పన్ను పీకారు. కుడి కింది రెండో దవడ పన్ను. 11న తెల్లవారుతుండగా ఊపిరి అందక ప్రాణం పోయింది. యాభై మూడేళ్ళు.

పంటిని గాజుగుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. స్పిరిట్ సీసాలో వేశాను. బల్ల మీద ఉంది. పన్ను నిలువునా చిట్లింది. నమిలే వైపు పెద్ద ఫిల్లింగ్. దాని అంచు పంటి కంటే ఎత్తుగా లేచి ఉంది.

అది వాడి పని.

ఆగస్టు 22

చోకెవిల్కా నా విద్యార్థే. పొటొసీ గని కార్మికుడి కొడుకు. ఒక జత బూట్లతో వచ్చాడు. క్లాసులో మొదటివాడు. ఆ మార్కులు వేసింది నేనే. తర్వాత అర్జెంటీనాలో రెండేళ్ళు పనిచేసి, ఒక యంత్రంతో తిరిగొచ్చాడు. లోహపు పొడినీ పాదరసాన్నీ చిన్న గొట్టంలో పెడితే అది ఎనిమిది సెకన్లు ఊపి ముద్ద చేసి ఇస్తుంది. చెయ్యి తగలదు. లోహం కూడా కొత్తది. రాగి ఎక్కువ, జింకు లేదు.

మేం కల్వంలో నూరతాం. నూరిన ముద్దని అరచేతిలో వేసుకుని బొటనవేలితో పిసుకుతాం. మెత్తబడ్డాక గుడ్డలో పెట్టి పిండితే ఎక్కువైన పాదరసం కారిపోతుంది. మా గురువు అలా నేర్పారు. నేను ఇరవై ఆరు తరగతులకి అలాగే నేర్పాను. ముద్ద కుదిరినప్పుడు వేళ్ళ మధ్య చిన్నగా కీచుమంటుంది. ఆ శబ్దం యంత్రానికి వినపడదు.

మూడేళ్ళ కిందట దంతవైద్యుల సంఘం సమావేశంలో వాడు లేచి, "ఒట్టి చేత్తో పిసకడం మానేయాలి. జింకు పాడవడానికి అరచేతి చెమట చాలు" అన్నాడు. నలభైమంది ఉన్నారు. "మీ నాన్న చేతికి చెమట పడుతుంది నాయనా, పార పట్టే చెయ్యి. నాది పొడి చెయ్యి" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

అప్పటికప్పుడు తట్టిన జవాబు. ఇప్పటికీ బాగానే ఉంది.

ఆగస్టు 26

వాడి దగ్గరికి వెళ్ళాను. సంతకి ఎదురుగా, మేడ మీద. మెట్ల మీదే జనం. అందరూ సంతలో అమ్ముకునే ఆడవాళ్ళు. టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఓ పెద్దాయనా, వరసలో రా. నేను బంగాళాదుంపల బుట్ట వదిలేసి ఆరింటికి వచ్చాను" అంది ఒకామె.

"పోనీవే, ఆయన వయసుకి ఎన్ని పళ్ళుంటాయి? ఒక్క నిమిషంలో లెక్కపెట్టి పంపించేస్తాడు" అంది రెండో ఆమె. ఆమె నవ్వితే ముందు పళ్ళకి బంగారు అంచు కనపడింది.

చోకెవిల్కా బయటికి వచ్చి, నన్ను చూసి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"రండి మాస్టారూ. కూర్చోండి."

"కూర్చోను. నా భార్య పన్ను నువ్వు నింపావు."

"లేదు మాస్టారూ."

"ఫిల్లింగ్ ఉంది."

"ఉంది. అమ్మ వచ్చేసరికే ఉంది. పైకి పొంగి పై పంటికి తగులుతుంటే అంచు అరగదీశాను. మూడుసార్లు అరగదీశాను, మూడుసార్లూ మళ్ళీ లేచింది. తీసేసి కొత్తది పెడతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు."

"ఎందుకు ఒప్పుకోదు?"

వాడు తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"అది ఆమె నాతో చెప్పిన మాట. మీకు చెప్పమని చెప్పలేదు."

"అబద్ధాలకోరువి."

"పన్ను మీ దగ్గరే ఉందిగా. కోసి చూడండి. నా లోహం వేరు, పాత లోహం వేరు. మైక్రోస్కోపు కింద పెడితే ఎవరిదో అదే చెబుతుంది. అలా చూడ్డం మాకు నేర్పింది మీరే."

"చూస్తాను. చూసి నీ లైసెన్సు ఆ గోడ మీంచి దింపిస్తాను."

"చూడండి మాస్టారూ" అన్నాడు. బతిమాలలేదు.

మెట్లు దిగుతుంటే బంగాళాదుంపలామె, "అప్పుడే అయిపోయిందా? నొప్పి పుట్టలేదా పెద్దాయనా?" అని అడిగింది.

పుట్టలేదన్నాను.

సెప్టెంబరు 1

ఫిర్యాదు ఇచ్చాను. దంతవైద్యుల సంఘం అధ్యక్షుడు బర్రగాన్. అతనూ నా విద్యార్థే. కాగితం రెండుసార్లు చదివాడు.

"మాస్టారూ, ఇది విచారణకి వెళితే ముగ్గురం కూర్చోవాలి. తప్పు తేలితే రెండేళ్ళు వైద్యం చేయకూడదు. కుర్రాడికి ముగ్గురు పిల్లలు. ఊళ్ళో ఆస్తేం లేదు."

"తెలుసు."

"కొన్నాళ్ళు ఆగండి. కోపం చల్లారనివ్వండి."

"నాకు కోపం లేదు బర్రగాన్."

"అదే నా భయం" అన్నాడు. కాగితం మీద ముద్ర వేశాడు.

పంటిని కోసి నివేదిక ఇమ్మని నన్నే అడిగారు. ఈ ఊళ్ళో లోహాన్ని సానబెట్టి చూడగలిగే బల్ల నా దగ్గర తప్ప లేదు.

సెప్టెంబరు 4

ఆదివారం.

చర్చిలో పూజ నుంచి వచ్చాక డెల్మీరా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నోరు తెరిచేది. నేను చిన్న అద్దంతో ఒక్కో పన్నూ చూసేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో అది సరసం. తర్వాత అలవాటు. ఇరవై ఎనిమిదేళ్ళు.

ఈ ఏడాది నాకేమీ తేడా కనపడలేదు. కళ్ళద్దాలు మార్చాలి.

ఆగస్టు 7 ఆదివారం మాత్రం చూడలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

సెప్టెంబరు 11

సతుర్నినా గది ఊడుస్తూ, "జనవరిలో అమ్మగారి పన్ను మీరే కదయ్యా నింపారు?" అని అడిగింది. ఏదో ఒకటి చేశానన్నాను. ఏ పన్నో గుర్తు లేదు. కార్డు లేదు. సొంత భార్యకి కార్డు ఎవరు రాస్తారు?

సెప్టెంబరు 12

జనవరి 30. ఆదివారం. వాన.

సెప్టెంబరు 18

పంటిని రెండుగా కోశాను. సన్న రంపం, నీళ్ళు, మూడు గంటలు. ఒక సగాన్ని జిగురులో పోతపోశాను. గట్టిపడాలి. తర్వాత గరుకు కాగితం మీద, ఆపైన సన్న కాగితం మీద, చివర తడి గుడ్డ మీద రుద్దాలి. తొందరపడితే గీతలు పడతాయి. గీతలు అబద్ధం చెబుతాయి.

ఎదురుచూస్తూ పాఠం చదువుకున్నాను. నా పాఠమే.

పాత లోహంలో వెండి వందకి అరవై తొమ్మిది పాళ్ళు. గట్టిపడేది వెండి వల్ల. కొద్దిగా పొంగేదీ వెండి వల్లే. తగరం ఇరవై ఆరు. పాదరసాన్ని త్వరగా తాగేది తగరం. పొంగుని తగ్గిస్తుంది, బలాన్నీ తగ్గిస్తుంది. తగరం, పాదరసం కలిసినచోట లోహం బలహీనంగా ఉంటుంది, తుప్పు అక్కణ్ణించే మొదలవుతుంది. రాగి నాలుగు. కొత్త లోహంలో రాగి చాలా ఎక్కువ. అది తగరాన్ని తన దగ్గరే పట్టుకుంటుంది, పాదరసానికి మిగల్చదు.

జింకు ఒకటి. ఒక్క పాలే. కరిగించేటప్పుడు గాలి తగిలి మిగిలినవి పాడవకుండా తను ముందుకొచ్చి పాడవుతుంది. ముద్దని చేతికి లొంగేలా చేస్తుంది. చేత్తో పనిచేసేవాడికి జింకు ఇష్టం.

జింకుకి ఒక్కటే పడదు. నీళ్ళు. ముద్ద గట్టిపడకముందు చెమ్మ తగిలితే జింకు ఆ నీటిని విరిచేస్తుంది. లోపల వాయువు పుడుతుంది. బయటికి పోయే దారి ఉండదు. మూడు నాలుగు రోజులు ఏమీ తెలియదు. తర్వాత ఫిల్లింగ్ ఉబ్బడం మొదలవుతుంది. నెలల తరబడి ఉబ్బుతుంది. పైకి లేస్తుంది, గోడల్ని తోస్తుంది. ప్రతి ఏడూ రెండో సంవత్సరం వాళ్ళకి ఇది చెబుతాను. పరీక్షలో అడుగుతాను.

సెప్టెంబరు 26

రుద్దుతున్నాను. ఇంకా గీతలున్నాయి.

అక్టోబరు 2

చూశాను.

ఫిల్లింగ్ అంతటా గుండ్రటి బొరియలు. మధ్యలో నల్లటి తీగలు, తగరం తుప్పు పట్టిన దారులు. లోహపు పొడి గింజల చుట్టూ రాగి వలయాలు లేవు. చోకెవిల్కా లోహంలో అవి ఉండాలి.

పాత లోహం. జింకు. చెమ్మ.

అక్టోబరు 3

వాడు కూడా పాత పొడి కొని ఉండవచ్చు.

అక్టోబరు 4

ఉమ్మి కూడా చెమ్మే. డెల్మీరాకి ఉమ్మి ఎక్కువ. ఎప్పుడూ అనేవాణ్ణి.

అక్టోబరు 7

పాత పొడి ఈ ఊళ్ళో ఇంకా వాడేవాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురి దగ్గరికి ఆమె వెళ్ళలేదు.

అక్టోబరు 9

జనవరి 30న పెద్ద వాన. కరెంటు లేదు. కిటికీ దగ్గరే చేశాను. చేతులు కడుక్కున్నాను. తుడుచుకున్నాను. తుడుచుకున్నాననే అనుకుంటున్నాను. తువ్వాలు డెల్మీరా మెడ చుట్టూ కట్టి ఉంది.

ముద్ద కీచుమనలేదు. మళ్ళీ నూరాల్సింది. ఆమె నోరు తెరిచి అప్పటికే చాలాసేపైంది.

పదో రోజున, "లోపల ఎవరో మోకాలు పెట్టి తోస్తున్నట్టుంది" అంది. రెండు వారాల్లో సర్దుకుంటుందన్నాను. తర్వాత ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సర్దుకుందనుకున్నాను.

అక్టోబరు 10

నివేదిక రాశాను. ఒక పేజీ. లోహం స్వభావం, బొరియల పరిమాణం, కారణం. ప్రతి వాక్యమూ నిజం.

అక్టోబరు 21

విచారణ. సంఘం హాల్లో పొడుగు బల్ల. బర్రగాన్, అతని పక్కన ఇద్దరు. ముగ్గురికీ పాఠం చెప్పినవాణ్ణి నేను. గోడ దగ్గర బెంచీల మీద ఊరి దంతవైద్యులందరూ ఉన్నారు. నేను లోపలికి రాగానే లేచి నిలబడ్డారు. చోకెవిల్కా కూడా లేచాడు.

మైక్రోస్కోపు బల్ల మీద పెట్టాను. ముగ్గురూ వరసగా చూశారు. మొదటివాడు త్వరగా లేచాడు. రెండోవాడు చాలాసేపు చూసి, లేచి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బర్రగాన్ ఒక్క క్షణమే వంగాడు.

నివేదిక చదివాను. తప్పు లోహానిది కాదు, కలిపేటప్పుడు తగిలిన చెమ్మదని చెప్పి ముగించాను.

చోకెవిల్కాని మాట్లాడమన్నారు. తన దగ్గరున్న కార్డు తీసి చదివాడు. 'మే 17. పాత ఫిల్లింగ్ పైకి పొంగి ఉంది. అంచు తగ్గించాను. తీసేయాలని చెప్పాను. రోగి వద్దన్నారు.' మిగతా రెండు తేదీలకీ అదే.

"ఆ కార్డు రాసింది ఎవరయ్యా?" అన్నాడు కళ్ళద్దాల మనిషి.

"నేనే."

"మరి నువ్వు రాసింది నీకే సాక్ష్యమా?"

బెంచీల మీద ఎవరో నవ్వారు.

"మాస్టారు రాసిన ప్రతి మాటా నిజం" అన్నాడు చోకెవిల్కా. "ఒక్క మాట తక్కువుంది. కలిపింది ఎవరి చెయ్యి? నా దగ్గర చేత్తో కలపను. యంత్రం ఉంది. అందుకే కదా ఇక్కడ నన్ను చూసి ఓసారి అందరూ నవ్వారు."

బర్రగాన్ నా వైపు తిరిగాడు. నన్ను కాదు, నా చొక్కా గుండీని చూస్తూ అడిగాడు.

"మాస్టారూ, అడగక తప్పదు. ఈ పన్ను మీరు ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

"నా రికార్డులో లేదు" అన్నాను.

నా రికార్డులో లేదు. అదీ నిజమే.

ముగ్గురూ పక్కగదిలోకి వెళ్ళారు. నాలుగు నిమిషాల్లో వచ్చారు. రెండేళ్ళు.

చోకెవిల్కా తన కార్డుని జాగ్రత్తగా కవర్లో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు నా వైపు చూసి, "నమస్కారం మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. చాలామంది నా చెయ్యి పట్టుకుని ఊపారు.

అక్టోబరు 22

బాగా నిద్ర పట్టింది.

నవంబరు 1

సతుర్నినా తెల్లారే లేచి ముందుగదిలో బల్ల పరిచింది. నల్లగుడ్డ, కొవ్వొత్తులు, ముఖం దిద్దిన రొట్టె మనిషి, ఆత్మ దిగిరావడానికి రొట్టె నిచ్చెన. మధ్యలో డెల్మీరా ఫోటో. పోయినవాళ్ళు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికి వస్తారంటారు కాబట్టి పదకొండున్నరకి తిండి పెట్టింది.

బల్ల మీద పెట్టినవి: వడగట్టిన పులుసు, మెదిపిన బంగాళాదుంప, పాలల్లో నానబెట్టిన రొట్టె, చల్లారిన చాక్లెట్.

"ఇవేంటి? పసిపిల్లకి పెట్టినట్టు. ఆమెకిష్టమైనవి పెట్టాలిగా. వేయించిన మొక్కజొన్నలేవి? ఎండుమాంసమేది?"

"అమ్మగారు ఈ ఏడాదంతా తిన్నవి ఇవేనయ్యా."

"నాతో కూర్చుని అన్నీ తినేది."

"మీ ముందు పళ్ళెంలో అటూ ఇటూ జరిపేవారు. మీరు లేచి వెళ్ళాక వంటింట్లోకి వచ్చి ఇలా నానబెట్టుకుని ఎడమపక్క నమిలేవారు. మొక్కజొన్నలు జేబులో వేసుకొచ్చి కోళ్ళకి వేసేవారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు."

"ఇప్పుడు చెబుతున్నావుగా."

"ఇప్పుడు ఆవిడ వినరు కదయ్యా."

వెళ్ళి మొక్కజొన్నలు వేయించి తెమ్మన్నాను. సతుర్నినా కదల్లేదు. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది.

"తెస్తాను. కానీ ఎలా తింటారయ్యా? ఆ పన్ను మీ గదిలో సీసాలో ఉంది."

తెచ్చింది. పళ్ళెం నిండా పెట్టింది. పన్నెండు గంటలు కొట్టారు.

నవంబరు 2

బల్ల తీసేశారు. ప్రార్థన చెప్పడానికి వచ్చినవాళ్ళకి రొట్టెలు పంచారు. మొక్కజొన్నలు అలాగే ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి.

నవంబరు 8

చోకెవిల్కా వచ్చాడు. సతుర్నినా లోపలికి రానిచ్చింది. కోటు విప్పలేదు.

"గురువారం అర్జెంటీనా వెళ్ళిపోతున్నాను మాస్టారూ. హుహూయ్‌లో చెరకు కంపెనీ ఆసుపత్రిలో సహాయకుడి పని ఉందట. పళ్ళు పీకడానికి కూడా ఒప్పుకోరు, పనిముట్లు కడగాలి. యంత్రం అమ్మేశాను. పిల్లలు వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంటారు."

నేను ఏమీ అనలేదు.

"ఒక్కసారి చూడనిస్తారా? ఆ రోజు నన్ను చూడనివ్వలేదు."

మైక్రోస్కోపు మీద గుడ్డ తీశాను. వంగి చూశాడు. కళ్ళు ఎత్తకుండానే మాట్లాడాడు.

"బాగా సానబెట్టారు. ఒక్క గీత లేదు. మీ చేతిపని ఎప్పుడూ ఇంతే." మర కొద్దిగా తిప్పాడు. "అమ్మ మూడోసారి వచ్చినప్పుడు నేను డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను. నోరు మూసేసుకున్నారు. 'వద్దు నాయనా, ఆదివారం ఆయన చూస్తారు' అన్నారు. 'చూస్తే ఏం చేస్తారమ్మా, కొడతారా?' అన్నాను. నవ్వారు. 'ఆయనా? చెయ్యెత్తరు, గొంతెత్తరు. ఏమీ అనరు. వాళ్ళ అక్క ముందు ఓసారి ఆయన మాటకి అడ్డం చెప్పానని నలభై రోజులు ఏమీ అనలేదు. చెంచా కింద పడితే పక్కింటికి వినపడేది. ఈ పన్ను రోజుకి రెండు గంటలే పీకుతుంది. ఇది నయం' అన్నారు."

"ఇది విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ మాట. అంతమంది ముందు చెప్పేది కాదు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

వాడు లేచి, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పాడు. మూలలు సరిచేశాడు.

"నాకూ కోపం వస్తుంది మాస్టారూ."

నవంబరు 9

జూలై 28న చౌక్‌లో డెల్మీరా చోకెవిల్కాకి తల వంచి నమస్కరించింది. వాడు టోపీ తీశాడు. ఇంటికి వచ్చాక నేను ఏమీ అనలేదు. ఆగస్టు 9 దాకా ఏమీ అనలేదు.

ఆగస్టు 7న పరీక్ష పేపర్లు లేవు. డెల్మీరా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాను. అరగంట తర్వాత వచ్చేసరికి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

నవంబరు 11

ఉత్తరం రాశాను. మూడు వాక్యాలు. ఆ ఫిల్లింగ్ నాది. జనవరి 30న తడి చేత్తో కలిపాను. చోకెవిల్కా మీద వేసిన శిక్ష రద్దు చేయాలి.

బర్రగాన్ ఇంటికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఊళ్ళో లేడు. వాళ్ళావిడ తీసుకుంది.

నవంబరు 14

బర్రగాన్ వచ్చాడు. ఉత్తరం కోటు లోపలి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. సతుర్నినా కాఫీ పెట్టి వెళ్ళేదాకా వాతావరణం గురించి మాట్లాడాడు.

"ఇది మీరు నాకు ఇవ్వలేదు మాస్టారూ."

"ఇచ్చాను."

"నేను చదవలేదు."

"చదివావు బర్రగాన్. ఆ కుర్రాడు అన్యాయమైపోయాడు."

"మాకు కళ్ళు లేవనుకున్నారా?" గొంతు తగ్గించాడు. "పది సెకన్లు పట్టలేదు. ఆ బొరియలు చూసి ఏం జరిగిందో రాయమని రెండో సంవత్సరంలో మీరే అడిగారు. నాకు తొంభై రెండు మార్కులు వేశారు. పాత పొడి, ఒట్టి చెయ్యి. ముగ్గురికీ తెలుసు. బెంచీల మీద సగం మందికి తెలుసు."

"తెలిసి?"

"తెలిసి ఏం చేయమంటారు? అప్పటికి మీ ఆవిడ పోయి డెబ్బై రోజులు. అంతమంది ముందు లేచి, మీ చేతులతో మీరే చంపుకున్నారని చెప్పమంటారా? పక్కగదిలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వాన పడుతుందా లేదా అని మాట్లాడుకున్నాం. నాలుగు నిమిషాలు కాగానే బయటికి వచ్చాం."

"నా మీద జాలితో వాణ్ణి..."

"జాలి ఒక్కటే కాదులెండి." కాఫీలో పంచదార కలుపుకున్నాడు. "వాడు వచ్చాక సంత ఆడవాళ్ళు ఒక్కరైనా మా మెట్లెక్కారా? మీరు అడిగారు, మాకూ వీలుగా ఉంది. ఇప్పుడు మీరు ఈ కాగితం పైకి పంపితే పోయేది మీరొక్కరే కాదు. మేం ముగ్గురం. మాకూ పిల్లలున్నారు."

"వాణ్ణి వెనక్కి పిలిపించు."

"వెళ్ళిపోయాడు మాస్టారూ, గురువారం బస్సుకి. మేడ మీద వాడి గదిలో ఇప్పుడు మా బావమరిది కూర్చుంటున్నాడు." లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పడుకోండి. సతుర్నినాతో చెప్పి వేడి నీళ్ళు పెట్టించుకోండి. డెల్మీరమ్మ ఉంటే మిమ్మల్ని ఇలా ఉండనిచ్చేవారా?"

ఉత్తరం అక్కడే వదిలి వెళ్ళాడు. జాతీయ సంఘానికి పంపవచ్చు. చిరునామా తెలుసు.

నవంబరు 15

పంపలేదు.

నవంబరు 17

పంపలేదు. సతుర్నినా ఇంటికి వెళ్ళిపోతానంటోంది. ఎందుకని అడగలేదు. ఆమె చెప్పలేదు. మూడు రోజులుగా మేం మాట్లాడుకోలేదు.

నవంబరు 21

రెండో సంవత్సరం క్లాసు. సంవత్సరం చివరి పాఠం, జింకు. నల్లబల్ల మీద పాళ్ళు రాశాను. చెమ్మ తగిలితే ఏమవుతుందో చెప్పాను. వాయువు, ఒత్తిడి, ఉబ్బు, నొప్పి. మూడు రోజుల నుంచి కొన్ని నెలల దాకా.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. పొటొసీ యాస.

"డాక్టరు గారూ, ఇది నిజంగా జరుగుతుందాండీ? పుస్తకంలోదేనా? మీరెప్పుడైనా చూశారా?"

గదిలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. సుద్దముక్క కింద పెట్టాను.

"పుస్తకంలో ఉంది. నేను చూడలేదు" అన్నాను.

అందరూ రాసుకున్నారు.